చప్పుడుకూ ఒక కుంచం

ఎలమంచిలిలో మా యింటికీ రైలుస్టేషనుకీ మైలు దూరం పైచిలుకే ఉంటుంది. మద్రాసు నుంచి హౌరా పోయే పెద్ద లైను మాది. పగలంతా బళ్ళు పోతూనే ఉంటాయి. అయినా ఒక్కదాని చప్పుడూ మా వీధిదాకా రాదు. రాత్రి పదకొండు గంటలు దాటిందంటే మాత్రం మా పెరటిగోడ వెనకనుంచే పోతున్నట్టు వినిపిస్తుంది.

మా బావగారు, అంటే మా అక్కయ్య భర్త, ఉద్యోగం చాలించుకుని మూడేళ్ళ క్రిందట మా పక్కవాటాలో దిగారు. వచ్చిన కొత్తలో రాత్రిపూట వీధరుగుమీద కూర్చుని, ఆ చప్పుడును బట్టి అది గూడ్సో ఎక్స్‌ప్రెస్సో, డబ్బాలు నిండుగా ఉన్నాయో ఖాళీగా పోతున్నాయో చెప్పడం ఆయనకొక సరదా. ఆ లెక్క సరైనదో కాదో నాకు తెలియదు గాని, ఆయన చెప్పే ధోరణి చూస్తే నమ్మబుద్ధేసేది. ఈ మధ్య చెప్పడం మానేశారు. గుమ్మని ఏదో దూరాన పోయినట్టుంటుంది తప్ప, చక్రాల టకటక విడివిడిగా తెలియడం లేదట. "ఏం బావా, ఇది గూడ్సేనా?" అని ఆయనే నన్ను అడుగుతున్నారు.

బావగారు ముప్పైఆరు సంవత్సరాలు ఒక కర్మాగారంలో, ఎర్రగా కాల్చిన ఇనపదిమ్మలను కడ్డీలుగా సాగదీసే మరల దగ్గర పనిచేశారు. చెవుల్లో పెట్టుకోవడానికి బిరడాలు ఇచ్చేవారట. అవి పెట్టుకుంటే మేస్త్రీ కేక వినపడదని తీసి జేబులో వేసుకునేవారట. ఇప్పుడు ఆయనకు మాట వినపడకపోవడమంటూ లేదు. వినపడిన మాట ఏమిటో తేలదు. కత్తి అడిగితే "పత్తి ఎందుకే?" అంటారు. నేను మాట్లాడితే ఫరవాలేదు, అక్కయ్య మాట్లాడితే మరీ అయోమయం. అది చెవుడు కాదు, ముప్పైయేళ్ళ సంసారం అని అక్కయ్య అభిప్రాయం. టీవీ మాత్రం మూడిళ్ళకు వినపడేటట్టు పెడతారు. తగ్గించమంటే "ఇప్పుడు తగ్గించే ఉందిగా" అంటారు. చెవుల పరీక్షకు రమ్మంటే "నాకేం, దివ్యంగా వినపడుతోంది" అని లేచిపోతారు.

ఇట్లా ఉండగా వినాయకచవితి వచ్చింది. మా వీధి కుర్రాళ్ళ కమిటీ మా అరుగుమీదనే కూర్చుంటుంది, ఎందుకంటే చందాల లెక్క మా చిన్నవాడిది. నిరుడు పందిరి దగ్గర రెండు సౌండుబాక్సులు పెట్టారు. పైవీధివాళ్ళు నాలుగు పెట్టి మా వీధి పరువు తీశారట. అంచేత ఈ యేడు మనమూ నాలుగు పెట్టాలని తీర్మానం. అద్దె రెట్టింపు. మా ఎదురింటి అమ్మాయి పురుడుపోసుకుని ఇరవైరోజులు కూడా కాలేదు. ఆ పిల్ల పడుకునే గది కిటికీ వీధిలోకి, పందిరికి ఎనిమిది గజాల దూరంలో. ఈ సంగతి నేను నసిగాను. "ఏడాదికొక పండగ నాన్నా" అన్నాడు మావాడు. పండగ అనేసరికి నా నోరు మూతపడింది.

లోపల చిక్కుడుకాయలు వలుస్తున్న మా మేనకోడలు అక్కడినుంచే అడిగింది: "ఒరేయ్, రెండుకు నాలుగు పెడితే ఎంత పెరుగుతుందనుకుంటున్నావు?"

"రెట్టింపు, వదినా."

"శబ్దం రెట్టింపే. వినపడటం రెట్టింపు కాదు. కొద్దిగా పెరిగినట్టుంటుంది, అంతే. రెట్టింపు మోగినట్టు నీ చెవికి తోచాలంటే పదిరెట్లు కావాలి. రెండుకు ఇరవై బాక్సులు పెట్టు."

లెక్కల పుస్తకం పట్టుకున్నవాడి మొహం ఎలా ఉంటుందో చదువరులు ఊహించుకోవచ్చు.

ఈ అమ్మాయి వాల్తేరులో ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతున్నది. లాగరితం పేరు చెబితే నాకు ఇప్పటికీ స్కూలునాటి వొణుకు వస్తుందని దానికి తెలుసు. అందుకని అటకమీదినుంచి మా అమ్మనాటి కుంచం దించి, పక్కన మానికా తవ్వా సోలా వరసగా పెట్టింది. ఈనాటి పిల్లలకు ఈ పేర్లు తెలియకపోవచ్చు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. పేరు ఒక్కొక్క మెట్టే పైకి పోతుంది. గింజలు మాత్రం మెట్టుమెట్టుకూ రెట్టింపవుతాయి. సోలనుంచి కుంచానికి నాలుగే మెట్లు, గింజలు పదహారింతలు.

"చెవి మెట్లను లెక్కపెడుతుంది మామయ్యా, గింజల్ని కాదు" అన్నది.

డెసిబెల్ అంటే ఇంతే అన్నమాట. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ పేరుమీద బెల్ అని పెట్టి, అందులో పదోవంతును డెసిబెల్ అన్నారు. మూడు డెసిబెళ్ళు పెరిగితే శబ్దతీవ్రత రెట్టింపు. అంటే మన సోలకూ తవ్వకూ మధ్య ఉన్న మెట్టు ఒకటి. పది పెరిగితే పదిరెట్లు, ఇరవై పెరిగితే వందరెట్లు, ముప్ఫై పెరిగితే వెయ్యిరెట్లు. తొంభైకీ తొంభైమూడుకీ తేడా ఏపాటిదని మనం అనుకుంటాం. అక్కడ చెవిలో పడే బరువు రెండింతలైపోయింది.

తీవ్రత అన్నమాటకు అర్థం కూడా అప్పుడే చెప్పింది. ఒక చదరపు మీటరు కిటికీ ఉన్నదనుకోండి. శబ్దం మోసుకొచ్చే శక్తి సెకనుకు ఎంత చొప్పున అందులోంచి దూరుతోందన్నదే తీవ్రత. వాట్లలో కొలుస్తారు, కరెంటు దీపాన్ని కొలిచినట్టే. మంచి చెవి పసిగట్టగలిగే అతిసన్నని చప్పుడు ఒక వాట్టులో లక్షకోట్లవ వంతు. ఆ చప్పుడుకు గాలి కదిలే దూరం ఒక పరమాణువు అడ్డుకొలత కంటే తక్కువట! నొప్పిపుట్టించే మోత ఒక వాట్టు. ఈ రెండింటికీ మధ్య లక్షకోట్ల రెట్లు ఉంటే, దానిని 0 నుంచి 120 వరకు డెసిబెళ్ళ మెట్లుగా మడిచిపెట్టుకున్నారు. భగవంతుడు మన చెవికిచ్చిన త్రాసు అటువంటిది. చీమంత బరువునూ ఏనుగంత బరువునూ తూచగలదు. కాని ఏనుగును ఎక్కించినా ముల్లు కొంచెమే జరుగుతుంది. అదే దానితో వచ్చిన చిక్కు.

మనిషి మామూలుగా మాట్లాడితే బయటికి వచ్చే శబ్దశక్తి ఒక వాట్టులో లక్షవ వంతు. లక్షమంది ఒక్కసారిగా మాట్లాడినా ఒక వాట్టే; పడకగదిలో పెట్టుకునే చిన్న దీపానికైనా చాలదు. మా కుర్రాళ్ళు వెయ్యివాట్ల బాక్సు, రెండువేల వాట్ల బాక్సు అని గొప్పలు చెప్పుకుంటున్నారే, అది తాగే కరెంటు లెక్క. అందులో శబ్దమై వచ్చేది నూటికి ఏ కొద్ది వాట్లో, మిగతాదంతా వేడి. ఆ కొద్ది వాట్లే చాలు, దగ్గర నిలబడ్డవాడి చెవి పాడుచెయ్యడానికి.

వాల్తేరు మాట వచ్చింది గనుక చెబుతున్నాను. చప్పుడు సంగతులు మన విశ్వకళాపరిషత్తుకు కొత్తవి కావు. రామన్‌గారి దగ్గర పనిచేసి వచ్చిన సూరి భగవంతంగారు 1930లలోనే అక్కడ ఫిజిక్సు చెప్పారు. ఆయనా ఆయన శిష్యులూ అతిధ్వనుల మీద పేరుపొందిన పరిశోధనలు చేశారు. సెకనుకు ఇరవైవేలకు మించిన కంపనాలుంటే ఆ శబ్దం మన చెవికి అందదు. దానినే అతిధ్వని అంటారు. ఎదురింటి పసిపాపను పుట్టకముందే తెరమీద చూపించింది అటువంటి ధ్వనే. పుట్టిన ఇరవైరోజులకు మేము వినిపించబోయేది మరొకరకం.

ఆ సాయంత్రం అద్దె బాక్సులవాడు నమూనాగా ఒకటి తెచ్చి పెట్టాడు. మా మేనకోడలు సెల్‌ఫోనులో ఒక కొలతను దించుకుని దానితో బయల్దేరింది. ఫోను కొలత అచ్చమైన యంత్రమంత ఖచ్చితంగా ఉండదనీ, తేడాలు చూడటానికి మాత్రం పనికొస్తుందనీ ముందే చెప్పింది. బాక్సుకు రెండు గజాల్లో 106 చూపించింది. నాలుగు గజాల్లో 100. ఎనిమిది గజాల్లో, అంటే బాలింతరాలి కిటికీ దగ్గర, 95.

దూరం రెట్టింపయితే తీవ్రత నాలుగోవంతు అవుతుంది. శబ్దం బుడగలాగా నలువైపులా విచ్చుకుంటుంది గనుక, వ్యాసం రెట్టింపయ్యేసరికి అదే శక్తి నాలుగింతల చర్మంమీద పలచబడాలి. మెట్లలో చెప్పాలంటే ఆరు డెసిబెళ్ళు తగ్గాలి. 106 నుంచి 100కు సరిపోయింది. ఆపైన ఆరుకు బదులు ఐదే తగ్గిందేమంటే, మా వీధి సన్నన. రెండువైపులా గోడలు శబ్దాన్ని చెదిరిపోనివ్వకుండా వెనక్కు కొడతాయట.

బావగారికి ఏమి అర్థమైందో గాని, అరుగుమీదనుంచి ఒక పాత సంగతి ఎత్తుకున్నారు. 1971 డిసెంబరులో ఆయన విశాఖపట్నంలో ఎనిమిదేళ్ళవాడు. 3వ తేదీ అర్ధరాత్రి దాటాక రేవు బయట ఘాజీ జలాంతర్గామి పేలిపోయినప్పుడు, వాళ్ళ యింట్లో అటకమీది ఇత్తడిగిన్నెలు గలగలమన్నాయట. వాళ్ళమ్మ పిల్లినని అదిలించిందట. "అంత దూరాన సముద్రంలో పేలితే గిన్నెలు కదిలాయి, ఇదొక లెక్కా?" అన్నారు. మేనకోడలు దానికి ఇంకొకటి కలిపింది: 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలిన మోత 4,800 కిలోమీటర్ల దూరాన, హిందూమహాసముద్రంలోని రోడ్రిగ్స్ ద్వీపంలో వినపడిందట, అక్కడివాళ్ళు ఫిరంగులనుకున్నారట. మన రాత్రి రైలు రహస్యం కూడా అప్పుడే చెప్పింది. పగలు నేలకు దగ్గరి గాలి వేడిగా, పైగాలి చల్లగా ఉంటుంది. శబ్దం చల్లగాలి వైపుకు వంగుతుంది గనుక మన నెత్తిమీదుగా పైకి పోతుంది. రాత్రి నేల చల్లబడి గాలి తారుమారైతే, పైకి పోయేది కూడా వంగి మన పెరట్లో దిగుతుంది. రైలు అదే, చప్పుడు అదే; దారి మారుతుంది.

"అయితే ఏం చెయ్యమంటావు వదినా, పండగ మానెయ్యమంటావా?" అని మావాడు.

"పండగ మానెయ్యమని ఎవరన్నారురా? బాక్సును ఎనిమిది గజాలనుంచి ముప్ఫైరెండు గజాలకు జరుపు. దూరం నాలుగింతలు. తీవ్రత ఎంతవుతుంది?"

వాడు కుంచంవైపు చూశాడు. నాలుగోవంతులో నాలుగోవంతు, పదహారోవంతు. కుంచం కాస్తా సోల అయింది.

కుర్రాళ్ళు చాలాసేపు వాదించుకున్నారు. చివరికి వాళ్ళను ఒప్పించింది బాలింతరాలూ కాదు, ఫిజిక్సూ కాదు. అద్దె మిగిలితే ఆఖరిరోజు పులిహోరతోబాటు బూరెలు కూడా పంచవచ్చని ఒకడు కనిపెట్టడం. రెండు బాక్సులే తెచ్చారు. వీధి చివర ఖాళీజాగాలో పెట్టి, వాటి మొహాలు పొలాలవైపు తిప్పారు. మీట కూడా కొంత తగ్గించారు. కిటికీ దగ్గర మళ్ళీ కొలిస్తే 74. 95కు 74 ఎంత తగ్గినట్టు? చెవికైతే నాలుగోవంతుకు తగ్గినట్టుంది. తీవ్రత నూరోవంతుకు దిగిపోయింది. పొలాలవైపునుంచి ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. కొంగలకు మా అడ్రసు తెలియదు.

చట్టం లెక్కకు ఇదీ ఎక్కువేనని మేనకోడలు అనకపోలేదు. 2000లో కేంద్రప్రభుత్వం చేసిన నిబంధనల ప్రకారం నివాసప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు దాటకూడదు. రాత్రి పదినుంచి ఉదయం ఆరుదాకా లౌడుస్పీకర్లు కూడదు. పండగలకు ఏడాదిలో కొన్నిరోజులు మాత్రం అర్ధరాత్రివరకు ప్రభుత్వం సడలించవచ్చు. 2005లో సుప్రీంకోర్టు కూడా గట్టిగానే చెప్పింది. వీధిలో మాత్రం ఎవరు ఎవరికి చెబుతారు? మనవాళ్ళే కదా, అని అందరమూ కిటికీలు మూసుకుంటాం. నేనూ మూసుకున్నవాడినే.

తొమ్మిదిరోజులూ బాగానే గడిచాయి. బాలింతరాలి తల్లి ఒకపూట వచ్చి మా ఆవిడకు సున్నిపిండి ఇచ్చి వెళ్ళింది. పెట్టెల సంగతి ఎత్తలేదు, నవ్వింది. ఇక్కడితో ఆపితే బాగానే ఉండును.

నిమజ్జనంనాడు పొరుగూరినుంచి వచ్చిన బండొకటి ఊరేగింపులో కలిసింది. నిలువెత్తు పెట్టెలు, లారీనిండా. మావాడూ వాడి స్నేహితులూ దానిముందే రెండుగంటలసేపు గంతులేశారు. నేను మూడు ఇళ్ళ అవతల నిలుచుంటేనే గుండెల్లో గుద్దినట్టుంది. దగ్గరకు పోయి కొలవడానికి మేనకోడలు కూడా జంకింది.

మన చెవి ఎంతసేపు ఎంత ఓర్చుకోగలదో వైద్యులు లెక్క కట్టారు. 85 డెసిబెళ్ళయితే రోజుకు 8 గంటలు. ఆపైన మూడు పెరిగినప్పుడల్లా గంటలు సగం. 88 అయితే నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి, 97కి అరగంట, 100కు పావుగంట. మళ్ళీ మన సోలాతవ్వల లెక్కే, తలకిందులుగా. మా నమూనా బాక్సుముందు 106 దగ్గర నిలబడినా నాలుగు నిమిషాలు. ఒక పాట పూర్తికాదు.

మర్నాడు పొద్దున మావాడు చిటికెనవేలు చెవిలో పెట్టి ఆడించుకుంటూ కనిపించాడు. గుయ్యిమంటోందట. దూదిపెట్టినట్టుందట. వాళ్ళమ్మ నూనె వెచ్చచెయ్యబోయింది. మేనకోడలు చెవిలో ఏమీ పొయ్యవద్దని ఆపింది. లోపలి చెవిలో సన్నని కేశాలున్న కణాలు పదిహేనువేలదాకా ఉంటాయి. శబ్దాన్ని అందుకునేవి అవే. నారుమడిలో గేదె దిగితే నారు వాలిపోతుంది. ఒకసారి తొక్కితే మర్నాటికి లేస్తుంది, రోజూ తొక్కితే లేవదు. మళ్ళీ నాటడానికి ఆ మడిలో వేరే నారు ఉండదు. మనిషి చెవిలో ఆ కణాలు పోతే తిరిగి మొలవవు. పైస్థాయి ధ్వనులను అందుకునేవి ముందు పోతాయి. క, త, స వంటి హల్లుల పదును అక్కడే ఉంటుంది. ఆడవాళ్ళ గొంతులోనూ పిల్లల గొంతులోనూ ముఖ్యమైన భాగం అక్కడే. అచ్చులు మిగులుతాయి. అంచేత మాట వినపడుతుంది, ఏమన్నారో తెలియదు.

ఇదంతా అది నాకు చెబుతున్నది. మా అక్కయ్య వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నది. ముప్పైయేళ్ళ సంసారం మీద మోపిన నేరం అప్పుడు కొట్టేసిందనుకుంటాను, ఏమీ అనలేదు.

బావగారు మాత్రం మా మాటలు వినలేదు. ఆయన మావాడి వేలువైపే చూస్తున్నారు.

"గుయ్యిమంటోందా?" అన్నారు.

వాడు తలూపాడు.

"నాకూ అంతే. కొత్తలో శనివారం డ్యూటీ దిగితే అట్లాగే ఉండేది. ఆదివారం సాయంత్రానికి పోయేది. సోమవారం మళ్ళీ పనిలోకి." కొంచెంసేపు ఆగి, "ఒక ఆదివారం పోలేదు. పోతుందిలే అని ఊరుకున్నాను" అన్నారు.

ఇన్నేళ్ళలో ఈ సంగతి ఆయన అక్కయ్యకు కూడా చెప్పలేదట.

మావాడి గుయ్యిమనడం మూడోనాటికి తగ్గింది. తగ్గినా సరే పరీక్ష చేయించవలసిందేనని మేనకోడలు పట్టు. ఒక్కడినీ వెళ్ళనంటాడు వాడు. "మామయ్య వస్తే వస్తాను" అని పేచీ పెట్టాడు. ఆ పేచీ వాడి బుర్రలో పుట్టిందో, దాని బుర్రలో పుట్టిందో నేను అడగలేదు. "సరే, కుర్రవాడికి తోడుండాలిగా" అని బావగారు ఒప్పుకున్నారు. సోమవారం పొద్దుటి రైలుకి ఇద్దరూ విశాఖపట్నం వెళ్తున్నారు. అక్కయ్య అప్పుడే తెమ్మనే సామాను చీటీ రాసి ఇచ్చింది. నోటితో చెబితే కత్తికి పత్తి తెస్తారని.